టోస్ట్‌మాస్టర్స్ అంతర్జాతీయ అధ్యక్షులు మన ఊరొస్తే: ఆ కొద్ది గంటల్లో జరగాల్సిన పనేంటి?

టోస్ట్‌మాస్టర్స్ ఇంటర్నేషనల్ అధ్యక్ష పదవి ఒక్క ఏడాదే ఉంటుంది. ఆగస్టులో జరిగే వార్షిక సదస్సులో బాధ్యత తీసుకున్నవాళ్లు వచ్చే ఆగస్టు సదస్సులో దాన్ని మరొకరికి అప్పగిస్తారు. జీతం ఉండదు. సుమారు 150 దేశాల్లో క్లబ్బులున్న సంస్థకు పెద్దగా, ఉన్న 12 నెలల్లో వెళ్లగలిగినన్ని చోట్లకు వెళ్తారు. ఒక్కో చోట గడిపేది కొద్ది రోజులే. అందులో ప్రయాణపు బడలిక, నిద్ర, భోజనాలు తీసేస్తే మిగిలేది ఇరవై గంటలో, పాతిక గంటలో. హైదరాబాద్‌లో అయితే మాదాపూర్ నుంచి గచ్చిబౌలికి, అక్కడి నుంచి శంషాబాద్‌కు తిరగడంలో ఇంకో నాలుగైదు గంటలు పోతాయి.

చివరికి చేతిలో ఉండే ఆ కాస్త సమయంలో ఆతిథ్యమిచ్చేవాళ్లు ఏం చేస్తారు? మన దగ్గర ఈ ప్రశ్నకు చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: పెద్ద సభ, పెద్ద ఫ్లెక్సీ, శాలువా, మెమెంటో, గ్రూప్ ఫొటో, విందు. ఇవేవీ తప్పు కాదు. అయితే అతిథి మాత్రమే చేయగలిగిన పనులు రెండున్నాయి. స్థానిక సభ్యులు ఎంత తిరిగినా తెరుచుకోని తలుపుల్ని తెరిపించడం ఒకటి. ఇక్కడి మాటను సంస్థ పాలకమండలి దాకా తీసుకెళ్లడం రెండోది. పర్యటన బాగా జరిగిందా లేదా అన్నది ఈ రెంటితోనే తేలుతుంది. మనవాళ్ల ఏర్పాట్లలో ఎక్కువగా పక్కకు జరిగిపోయేవి కూడా ఇవే.

ఏమిటీ సంస్థ?

పేరు విని రొట్టె ముక్కనో, మద్యం గ్లాసునో ఊహించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాతకాలపు ఇంగ్లిష్ విందుల్లో వక్తలను ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ సభను నడిపించే వ్యక్తిని టోస్ట్‌మాస్టర్ అనేవారు. మన సభల్లో అధ్యక్షుడూ వ్యాఖ్యాతా చేసే పనిని కలిపితే అదే. అమెరికాలో వైఎంసీఏలో విద్యా విభాగం చూసిన రాల్ఫ్ స్మెడ్లీ, తన దగ్గరకు వచ్చే కుర్రాళ్లకు నలుగురిలో మాట్లాడటం, సమావేశం నడపడం రావట్లేదని గమనించి 1905లో ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో ఇలాంటి ప్రయోగం మొదటిసారి చేశారు. ఇప్పటి సంస్థ తన పుట్టినరోజుగా లెక్కేసుకునేది మాత్రం 1924 అక్టోబర్ 22ను. కాలిఫోర్నియాలోని శాంటా ఆనా వైఎంసీఏ నేలమాళిగలో ఆ రోజు సమావేశం జరిగింది. 1930లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో క్లబ్ ఏర్పడటంతో పేరులో 'ఇంటర్నేషనల్' చేరింది. 2024లో వందేళ్లు నిండాయి. ప్రధాన కార్యాలయం ఇప్పుడు కొలరాడో రాష్ట్రంలోని ఇంగిల్‌వుడ్‌లో ఉంది.

క్లబ్ సమావేశం ఎలా ఉంటుందో ఒక్కసారి చూసినవాళ్లకు మర్చిపోవడం కష్టం. సిద్ధమై వచ్చినవాళ్లు సాధారణంగా అయిదు నుంచి ఏడు నిమిషాలు మాట్లాడతారు. అయిదో నిమిషంలో ఆకుపచ్చ, ఆరులో పసుపు, ఏడులో ఎర్ర లైటు. తర్వాత మరొక సభ్యుడు లేచి ఆ ప్రసంగంలో ఏది బాగుందో, ఏది మెరుగుపరుచుకోవాలో రెండు మూడు నిమిషాల్లో చెబుతాడు. టేబుల్ టాపిక్స్ అనే భాగంలో అప్పటికప్పుడు ఇచ్చిన ప్రశ్నకు ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. మనకు ఆశువు కొత్త కాదు కాబట్టి తెలుగువాళ్లు ఈ భాగంలో తొందరగా కుదురుకుంటారని నాకో చిన్న అనుమానం. ఎవరు ఎన్నిసార్లు 'ఆ', 'ఊ' అన్నారో, ఎన్ని 'యాక్చువల్లీ'లు పడ్డాయో లెక్కపెట్టడానికి కూడా ఒక మనిషి ఉంటారు. జీతం తీసుకునే గురువు ఎవరూ ఉండరు. సభ్యులే ఒకరికొకరు నేర్పుకుంటారు.

క్లబ్‌కు కనీసం ఇరవై మంది ఉండాలన్నది లెక్క. నాలుగైదు క్లబ్బులు కలిస్తే ఏరియా, కొన్ని ఏరియాలు కలిస్తే డివిజన్, డివిజన్లన్నీ కలిస్తే డిస్ట్రిక్ట్. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన రెవెన్యూ జిల్లా కాదు, ఒక్కోసారి రెండు మూడు రాష్ట్రాలంత ఉంటుంది. ఏరియా డైరెక్టర్ తన కిందున్న ప్రతి క్లబ్‌కూ ఏడాదిలో రెండుసార్లు వెళ్లి, కూర్చుని చూసి, నివేదిక రాయాలి. అంటే వెళ్లి చూడటం, వినడం, రాసుకోవడం ఈ సంస్థలో అట్టడుగు నుంచే ఉన్న అలవాటు. అంతర్జాతీయ అధ్యక్షుల పర్యటన దానికే పెద్ద రూపం. ఇది గుర్తుంటే ఏర్పాట్ల తీరు సగం మారిపోతుంది.

ఈ పదవి మనకు అంత దూరపుదేమీ కాదు. శ్రీలంకకు చెందిన బాల్‌రాజ్ అరుణాచలం 2017-18లో, మన దేశానికి చెందిన దీపక్ మీనన్ 2019-20లో అధ్యక్షులుగా పనిచేశారు. మీనన్ పదవీకాలం చివరి నెలలు కోవిడ్‌లో గడిచాయి. 2020 ఆగస్టు సదస్సు ఆన్‌లైన్‌లోనే జరిగింది. దక్షిణాసియా ఈ సంస్థకు సభ్యుల్నే కాదు, నాయకుల్నీ వక్తల్నీ ఇచ్చింది. 2014లో కౌలాలంపూర్‌లో జరిగిన ప్రపంచ ప్రసంగ పోటీలో గెలిచిన ధనంజయ హెట్టిఆరచ్చి శ్రీలంక మనిషే. కాబట్టి అతిథి అంటే తప్పనిసరిగా మన కారం తినలేని తెల్లదొర అన్న లెక్కతో ఏర్పాట్లు మొదలుపెట్టడం పాత అలవాటు.

కంపెనీ పెద్దల గది తలుపు

అధ్యక్షుల అధికారిక పర్యటనల్లో సభ్యులకు కనిపించేది ఎక్కువగా డిస్ట్రిక్ట్ సదస్సు. సంస్థకు ఎక్కువగా పనికొచ్చేది మాత్రం దానికి ముందో వెనకో జరిగే కంపెనీల సందర్శన.

మన దగ్గర టోస్ట్‌మాస్టర్స్ విస్తరించింది ప్రధానంగా ఐటీ కంపెనీల ఆవరణల్లో. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, పుణె, ఎక్కడ చూసినా ఇదే కథ. కంపెనీ ఒక మీటింగ్ రూమ్ ఇస్తుంది, వారంలో ఒక సాయంత్రం గంటన్నర సమయం ఇస్తుంది. కొన్నిచోట్ల సభ్యత్వ రుసుము కూడా కడుతుంది. బయటికి ఇది బలంగా కనిపిస్తుంది, లోపల చాలా పలచనిది. హెచ్ఆర్‌లో ఈ క్లబ్‌ను ఇష్టపడే ఒక్క మేనేజర్ ఉద్యోగం మారితే గది పోతుంది. ఇంటి నుంచి పని మొదలైతే హాజరు పోతుంది. ఖర్చులు తగ్గించమని పైనుంచి ఒక మెయిల్ వస్తే రుసుము పోతుంది. క్లబ్ నడిపేది అదే కంపెనీలో పనిచేసే ఇంజినీరో, టెస్టరో. తన పై అధికారికి పై అధికారిని కలవాలంటేనే వాళ్లకు నెలలు పడుతుంది. ఇక కంపెనీ హైదరాబాద్ కేంద్రం అధిపతి ముందు కూర్చుని 'మా క్లబ్‌కు మీ మద్దతు కావాలి' అని అడగడం వాళ్ల వల్ల అయ్యే పని కాదు.

అదే మనిషి 'మా సంస్థ అంతర్జాతీయ అధ్యక్షురాలు వస్తున్నారు, మిమ్మల్ని అరగంట కలవాలనుకుంటున్నారు' అని రాస్తే జవాబొస్తుంది. నిజానికి అతిథికి ఆ కంపెనీలో ఏ అధికారమూ లేదు. దూరం నుంచి వచ్చారన్న గౌరవం, పదవి పేరు, ఆ రెండే పనిచేస్తాయి. దొరికిన అరగంటలో కంపెనీ అధిపతి, క్లబ్ అధ్యక్షుడు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. బహుశా మొదటిసారి.

ఆ అరగంటకు తయారుకావడమే అసలు ఆతిథ్యం. ముందుగా కలవాల్సిన మనిషి ఎవరో తేల్చుకోవాలి. గది, సమయం, డబ్బు మీద నిర్ణయం తీసుకోగల మనిషి కావాలి. ఫొటోకు నిలబడే మనిషితో పని జరగదు. తర్వాత అతిథి చేతికి ఒక్క పేజీ ఇవ్వాలి. క్లబ్ ఏ ఏడాది మొదలైంది, ఇప్పుడెంతమంది ఉన్నారు, గత ఏడాది ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు, కంపెనీ నుంచి ఇప్పుడు అందుతున్నదేమిటి, ఇంకా కావాల్సిందేమిటి. ఉన్న లెక్కే రాయాలి. ఇరవై మంది ఉన్న క్లబ్‌ను అరవై మంది అని రాస్తే, ఎదుటివాళ్లు హాజరు పట్టిక అడిగిన నిమిషంలో అతిథి పరువు, మన పరువు కలిసి పోతాయి.

అడిగేది కూడా ఒక్కటే ఉండాలి. 'మీ సహకారం ఎప్పుడూ ఉండాలి' అంటే ఎదుటివాళ్లు నవ్వి తలూపుతారు, అక్కడితో సరి. 'గురువారం సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు వరకు మూడో అంతస్తులో గది, వచ్చే మార్చి దాకా' అని అడిగితే ఔననో కాదనో చెప్పాలి.

ఇంకొక మాట. ఆ గదిలో అందరికంటే బాగా పనిచేసేది అధ్యక్షుల ఉపన్యాసం కాదని నా అభిప్రాయం. తెలుగు మీడియంలో చదివి, మూడేళ్ల కింద క్లయింట్ కాల్‌లో నోరు మెదపలేక మ్యూట్‌లో కూర్చున్న ఉద్యోగి ఒకరు లేచి రెండు నిమిషాలు తన మార్పు గురించి చెబితే, దానికి మించిన ప్రజెంటేషన్ ఉండదు. అలాంటివాళ్లు ప్రతి క్లబ్‌లోనూ ఉంటారు. వాళ్లను వెనక వరుసలో కూర్చోబెట్టి, మైకు అలవాటున్న పాతకాపులే మాట్లాడటం మన దగ్గర మామూలు.

చిల్లర పనులు కూడా ఇక్కడే దెబ్బతీస్తాయి. పెద్ద ఐటీ క్యాంపస్‌లలో సందర్శకుల పాసుకు ముందురోజే పేరు, గుర్తింపు కార్డు వివరాలు పంపాలి. ల్యాప్‌టాప్ ఉంటే దాని సీరియల్ నంబర్ గేటు దగ్గర రాయించాలి. ఇవి చూసుకోకపోతే అరగంట అపాయింట్‌మెంట్‌లో ఇరవై నిమిషాలు సెక్యూరిటీ కౌంటర్ దగ్గరే కరిగిపోతాయి. ఒకే రోజు నాలుగు కంపెనీలు పెట్టుకోవడమూ అంతే. రెండు చాలు. మూడోది పెడితే రెండోది ఆలస్యమవుతుంది, ఎర్ర లైటు సంస్కృతి నుంచి వచ్చిన అతిథి ఎక్కడికెళ్లినా క్షమాపణతో మొదలుపెట్టాల్సి వస్తుంది.

నలభై నిమిషాల లెక్క

మన సభా మర్యాద ఈ సంస్థ స్వభావంతో నేరుగా ఢీకొట్టేది సమయం దగ్గర. ఒక మామూలు స్వాగత సభ లెక్క వేద్దాం. జ్యోతి ప్రజ్వలనకు అయిదు నిమిషాలు. ప్రార్థన గీతం నాలుగు. వేదికపైకి ఎనిమిది మందిని పేరుపేరునా పిలవడానికి మనిషికో నిమిషం చొప్పున ఎనిమిది. స్వాగతోపన్యాసం పది. అతిథి పరిచయం ఏడు. శాలువా, మెమెంటో, ఫొటో కలిపి ఆరు. మొత్తం నలభై నిమిషాలు. అంతా అనుకున్నట్టు నడిస్తేనే ఇది. ఎప్పుడు నడిచింది గనక!

ఈ నలభై నిమిషాల్లో క్లబ్‌లో అయిదుగురు సభ్యులు తమ ఏడు నిమిషాల ప్రసంగాలు ముగించి, ఇంకా అయిదు నిమిషాలు మిగులుతాయి. 'వీరి గురించి నేను చెప్పడమంటే సూర్యుడికి దివిటీ పట్టడమే' అని మొదలుపెట్టి, ఆ దివిటీని పది నిమిషాలు దించకుండా పట్టుకునే పరిచయకర్తలు మనకు కొత్త కాదు. ఆ తర్వాత 'సమయాభావం వల్ల' అన్న మాట వస్తుంది. కత్తెర పడేది అతిథి మాటకు, లేకపోతే సభ్యుల ప్రశ్నలకు.

దీనికి మర్యాదలన్నీ మానేయక్కర్లేదు. దీపం వెలిగించడం చాలామంది విదేశీ అతిథులకు నచ్చే ఘట్టమే. దీపం ఒకటి, శాలువా ఒకటి, పరిచయం తొంభై సెకన్లు చాలు. పరిచయం రాతప్రతిని అతిథినే పంపమని అడిగి, ఒక్క అక్షరం కలపకుండా చదవడం ఇంకా మంచిది. వేదిక మీద కుర్చీలు వేయకపోతే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. ఎవరు కూర్చోవాలి, ఎవరి పక్కన ఎవరు, ఎవరిని పిలవలేదు అన్న పంచాయితీకి చోటే ఉండదు. అందరూ ముందు వరుసలో కూర్చుని, మాట్లాడేవాళ్లే లేచి వెళ్లడం ఈ సంస్థకు సహజమైన పద్ధతి కూడా.

జ్ఞాపిక సంగతి చిన్నదే, కానీ చెప్పాలి. అద్దాల పెట్టెలో పెట్టిన రెండు కిలోల ఇత్తడి విగ్రహాన్ని విమానంలో మూడు దేశాలు తిప్పాల్సిన మనిషికి ఇస్తే అది హోటల్ గదిలోనే మిగిలిపోయే అవకాశం ఎక్కువ. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేసేది, అరచేతిలో పడుతుంది, బరువుండదు. మంగళగిరి చీరో, పోచంపల్లి ఇక్కత్ కండువానో మడిచి పెట్టుకోవచ్చు. ఖర్చు సభ్యుల రుసుము నుంచే వస్తుందన్నది కూడా గుర్తుండాలి.

ఆడవాళ్ల సంగతి ఇంకొంచెం పెద్దది. ఈ సంస్థ మొదటి అర్ధశతాబ్దం పాటు స్త్రీలకు సభ్యత్వం ఇవ్వలేదు. హెలెన్ బ్లాంచార్డ్ అనే మహిళను ఆమె క్లబ్‌వాళ్లు 1970లో 'హోమర్' అన్న మగ పేరుతో నమోదు చేయించి చేర్చుకున్నారు. 1973లో నిబంధన మారింది. 1985లో ఆమే సంస్థ తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. ఈ చరిత్ర ఉన్న సంస్థ పెద్దను ఆహ్వానించే సభలో పట్టుచీరలు కట్టుకుని పళ్లేలు పట్టుకుని నిలబడేది అమ్మాయిలూ, మైకు పట్టుకునేది అబ్బాయిలూ అయితే, అతిథి ఏమీ అనకపోయినా గమనించకుండా ఉండరు. పళ్లెం ఎవరైనా పట్టుకోవచ్చు. మైకు కూడా అంతే.

పెద్ద సభ కన్నా మామూలు క్లబ్ సమావేశం

పర్యటన పట్టికలో నేను తప్పకుండా కోరుకునేది అలంకరణలు లేని ఒక మామూలు క్లబ్ సమావేశం. పదిహేను ఇరవై మంది, అదే గది, అదే టైమర్. అతిథికి ముఖ్య అతిథి కుర్చీ వద్దు. ఒక పాత్ర ఇవ్వాలి. మొదటి ప్రసంగం చేస్తున్న కొత్త సభ్యుడికి ఎవాల్యుయేటర్‌గా పెడితే అంతకంటే మంచి వాడకం లేదు. ఆ కుర్రాడు జీవితాంతం చెప్పుకుంటాడు. మిగతావాళ్లు మంచి విమర్శ అంటే ఏమిటో కళ్లారా చూస్తారు. అతిథికి కూడా ఇక్కడి క్లబ్ నిజంగా ఎలా నడుస్తోందో తెలుస్తుంది. ఆరువందల మంది హాల్లో ఉపన్యాసమిస్తే అది తెలియదు.

హైదరాబాద్‌లోనే అన్నీ జరగడం ఇంకో పాత జబ్బు. విమానం అక్కడే దిగుతుంది, కంపెనీలు అక్కడే ఉన్నాయి, నిజమే. విశాఖలోనో వరంగల్‌లోనో కష్టపడి క్లబ్ నిలబెట్టుకునేవాళ్లకు మాత్రం పర్యటన అంటే వాట్సాప్ గ్రూప్‌లో వచ్చే ఫొటోలు. కోవిడ్ తర్వాత ఆన్‌లైన్ సమావేశాలు ఈ సంస్థలో మామూలైపోయాయి. చిన్న ఊళ్ల క్లబ్ అధ్యక్షులతో అతిథి గంటసేపు ఆన్‌లైన్‌లో మాట్లాడటం పెద్ద ఖర్చు కాదు. ఆ గంటలో ఉపన్యాసం పెట్టకూడదు, వాళ్ల ప్రశ్నలే ఉండాలి.

డాలర్ల రుసుము, తెలుగు పుస్తకం

రెండో పని, మన మాట పైకి చేరడం. ఇక్కడ మొహమాటం ఎక్కువ. ఇంటికొచ్చిన అతిథికి కష్టాలు చెప్పకూడదన్నది మన పెంపకం. కానీ ఈ అతిథి వచ్చిందే వినడానికి.

చెప్పాల్సినవి ఉన్నాయి. 2020 నాటికి సంస్థకు 3,60,000 మందికి పైగా సభ్యులు, 16 వేలకు పైగా క్లబ్బులు ఉండేవి. కోవిడ్ తర్వాత ఆ సంఖ్య బాగా పడిపోయింది. శతాబ్ది ఏడాది నాటికి సభ్యులు సుమారు 2,70,000, క్లబ్బులు సుమారు 14 వేలు. సరిగ్గా ఈ మధ్యకాలంలోనే, 2023 అక్టోబర్ నుంచి ఆరు నెలల రుసుము 45 డాలర్ల నుంచి 60 డాలర్లకు పెరిగింది. మన డబ్బులో ఆరు నెలలకు అయిదు వేల రూపాయలు, ఏడాదికి పదివేల పైమాట. కొత్తగా చేరేవాళ్లకు ఒకసారి కట్టే 20 డాలర్లు అదనం. గచ్చిబౌలి ఉద్యోగికి, అదీ కంపెనీ కడుతుంటే, ఇది లెక్కలోకి రాదు. తిరుపతిలో డిగ్రీ చదివే విద్యార్థికి, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మకు ఇది ఒక నెల ఇంటద్దె. నోరు తెరిచి మాట్లాడటం నేర్చుకోవాల్సిన అవసరం ఎక్కువ ఉన్నది వీళ్లకే, దూరమవుతున్నదీ వీళ్లే. డాలరు విలువ పెరిగిన ప్రతిసారీ పాలకమండలి ఏ నిర్ణయమూ తీసుకోకుండానే మన రుసుము పెరుగుతుందన్న సంగతి అమెరికాలో కూర్చున్నవాళ్లకు తట్టకపోవచ్చు. ఎవరైనా ఎదురుగా కూర్చుని చెప్పాలి.

భాష ఇంకొకటి. సంస్థ నిబంధనల ప్రకారం క్లబ్ ఏ భాషలోనైనా నడుపుకోవచ్చు. మన భాషల్లో తమిళంలో, హిందీలో, తెలుగులో సమావేశాలు జరుపుకునే క్లబ్బులు ఉన్నాయి. తెలుగు విషయంలో అమెరికాలో స్థిరపడినవాళ్ల ఉత్సాహం కూడా తోడైంది. అయితే సమావేశం నడపడం వేరు, నేర్చుకునే పాఠాలు ఆ భాషలో ఉండటం వేరు. సంస్థ పాఠ్యప్రణాళిక పాత్‌వేస్‌ను అధికారికంగా అందించే భాషల జాబితాలో అరబిక్, చైనీస్, జపనీస్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ పక్కన తమిళం ఉంది. తమిళ క్లబ్బులు చెన్నై నుంచి సింగపూర్, గల్ఫ్ దాకా ఉన్నాయి. తెలుగులో మాట్లాడాలనుకునే సభ్యులు మాత్రం ఇంగ్లిష్‌లో పాఠం చదివి, తెలుగులో ప్రసంగం తయారుచేసుకుంటున్నారు. మన దగ్గర టోస్ట్‌మాస్టర్స్ అంటే ఇంగ్లిష్ నేర్పే చోటు అనే అభిప్రాయం బలపడటానికి ఇదీ ఒక కారణం. సర్పంచ్, స్వయం సహాయక సంఘం నాయకురాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘం కార్యదర్శి, వీళ్లందరూ రోజూ సభల్లో మాట్లాడేవాళ్లే. వాళ్లకు ఈ పద్ధతి తెలుగులో అందితే ఆ లాభం ఒక కంపెనీ క్లబ్‌కు వచ్చే లాభం లాంటిది కాదు.

అధ్యక్షులొక్కరే ఈ నిర్ణయాలు తీసుకోలేరు. విధానాలు పాలకమండలి తేలుస్తుంది, రోజువారీ పని ప్రధాన కార్యాలయంలోని జీతం తీసుకునే సిబ్బంది చూస్తారు. అందుకే కోరిక నోటిమాటగా ఉంటే చాలదు. తెలుగులో నడుస్తున్న క్లబ్బులెన్ని, సభ్యులెందరు, అనువాదానికి ముందుకొచ్చేవాళ్లెవరు, మొదట ఏ పాఠాలు కావాలి, ఇవన్నీ రెండు పేజీల్లో రాసి చేతికివ్వాలి. అతిథి వెళ్లాక అదే కాగితం మెయిల్‌లో పంపాలి. ఈ భేటీకి గంట కేటాయించి, నలుగురైదుగురే కూర్చోవాలి. విందు టేబుల్ దగ్గర బిర్యానీ వడ్డిస్తూ చెప్పే మాట బిర్యానీతోనే పోతుంది.

ఎన్నికలు, వీసాలు, నిద్ర

డిస్ట్రిక్ట్ సదస్సులు జరిగే నెలల్లోనే కొత్త కార్యవర్గం ఎన్నికలు కూడా నడుస్తాయి. అతిథి భుజం మీద చేయి వేసి దిగిన ఫొటో మర్నాటికి ప్రచార పోస్టర్‌గా మారొచ్చు. అంతర్జాతీయ పదవిలో ఉన్నవాళ్లు ఒక అభ్యర్థి వైపు ఉన్నట్టు కనిపించడం వాళ్లకూ ఇబ్బందే, మనకూ ఇబ్బందే. విమానాశ్రయానికి వెళ్లేవాళ్లు, కారులో పక్కన కూర్చునేవాళ్లు, కంపెనీలకు వెంట వెళ్లేవాళ్లు పోటీలో లేనివాళ్లయితే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది. చెప్పినంత సులువు కాదు, పనిచేసే మనుషులే పోటీలోనూ ఉంటారు కదా. అయినా బాధ్యతలు పంచేటప్పుడే ఈ మాట బయటికి అనేసుకోవడం మేలు.

విదేశీ పౌరులు ఎవరింట్లో బస చేసినా, అది హోటలైనా బంధువుల ఇల్లయినా, 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో సమర్పించాలి. హోటళ్లు తామే చేస్తాయి. 'మా ఇంట్లో ఉంటారు' అని ప్రేమగా తీసుకెళ్లేవాళ్లకు చాలామందికి ఇది తెలియదు. ఏ రకం వీసా మీద రావాలన్నది కూడా టికెట్ కొనకముందే సంస్థ కార్యాలయంతో మాట్లాడి తేల్చుకోవాల్సిన సంగతి.

నిద్ర గురించి ఎవరూ రాసుకోరు. కొలరాడో కాలమానం చలికాలంలో మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. మన మధ్యాహ్నం రెండు అక్కడ రాత్రి ఒకటిన్నర. అమెరికా నుంచి అర్ధరాత్రి శంషాబాద్‌లో దిగిన మనిషికి మర్నాడు భోజనం తర్వాత ముఖ్యమైన భేటీ పెట్టడమంటే, మనల్ని రాత్రి ఒకటిన్నరకు లేపి ఉపన్యాసం చెప్పమనడమే. మొదటిరోజు ఉదయం ఒక పని, సాయంత్రం క్లబ్ సమావేశం, మధ్యలో గది తాళం చాలు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం రెండోరోజుకు వాయిదా వేస్తే ఎక్కడికీ పోవు. భోజనంలో ఏం తింటారో అడిగి పెట్టాలి. గోంగూర రుచి చూపించాలన్న మన ఆరాటం ఒక చెంచాతో ఆగితే అందరికీ క్షేమం.

అతిథిని సాగనంపిన మర్నాడు ఆతిథ్య బృందంలో చాలామంది ఒళ్లు విరుచుకుని ఫొటోలు పంచుకుంటారు. కంపెనీ అధిపతికి మాత్రం ఆ వారంలోనే ఉత్తరం వెళ్లాలి. కలిసినందుకు కృతజ్ఞత ఒక వాక్యం, ఆ రోజు ఒప్పుకున్న గది, సమయం ఒక వాక్యం, ఫలానా గురువారం జరిగే సమావేశానికి ఆహ్వానం ఒక వాక్యం. ఆ గురువారం వాళ్లు రాకపోతే, పక్షం రోజులకు మళ్లీ ఒకటి.